చూచిన పక్షిని గూర్చి చెప్పుట: అందలి మర్యాదలు

మన విద్యార్థులలో అనేకులు ఇటీవల పక్షులను చూచుటయందు ప్రీతి కలవారగుచున్నారు. ఉదయమున చెరువుగట్టునకు పోయి, కనబడిన పక్షుల పేరులను చిన్న పుస్తకములో వ్రాసికొని, తరగతికి వచ్చి తోడివారికి చెప్పుకొనుచున్నారు. ఇంట చేతిఫోను గలవారు తాము తీసిన ఛాయాచిత్రములను దూరపు ఊళ్ళలోని పక్షిప్రియులకు సైతము క్షణములో పంపగలుగుచున్నారు. ఇది మేలైన వ్యాసంగము. దీనికి వ్యయము స్వల్పము. కన్నులకును, చెవులకును, కాళ్ళకును మంచి సాధన.

అయితే చూచుట యొక విద్య. చూచినదానిని నలుగురికి చెప్పుట మఱియొక విద్య. మొదటిదానిని నేర్పు పుస్తకములు గలవు. రెండవదానిని గూర్చి పిల్లలకు చెప్పువారు తక్కువ. కావున ఈ వ్యాసమున మేము రెండవదానిని గూర్చియే వ్రాయ దలచితిమి. తలిదండ్రులును దీనిని చదివి, పిల్లలతో ముచ్చటింతురని మా కోరిక.

మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మొక్కటే. పక్షిని చూచితినని చెప్పువాడు సాక్షి. సాక్షికి మూడు ధర్మములు గలవు: నిజము చెప్పుట, పూర్తిగా చెప్పుట, తాను చెప్పుటవలన నోరులేని ప్రాణికి కీడు రాకుండ చూచుట. క్రింద చెప్పబడు మర్యాదలన్నియు ఈ మూటినుండి పుట్టినవే.

1. మన మాట ఎవరికి పనికివచ్చును?

“నేను మా చెరువులో రెండు లకుముకి పిట్టలను చూచినంతమాత్రమున లోకమునకు ఏమి లాభము?” అని బాలుడొకడు అడుగవచ్చును. ప్రశ్న తగినదే.

మన దేశపు పక్షులను గూర్చిన జ్ఞానము ఒక్కరివలన కలిగినది కాదు. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ దొర పందొమ్మిదవ శతాబ్దమున దక్షిణదేశపు పక్షులను గూర్చి వ్రాసెను. 1883లో బొంబాయి నగరమున ప్రకృతి చరిత్ర సంఘము ఏర్పడెను. సలీం అలీగారు 1931లో ఆరంభించి హైదరాబాదు సంస్థానమంతట తిరిగి పక్షులను పరిశీలించిరి. వీరందఱును గ్రామస్థులను, వేటగాండ్రను, పశుల కాపరులను అడిగి తెలిసికొన్నవారే.

ఇప్పుడు ఈ పని మఱింత విరివిగా జరుగుచున్నది. 2002లో అమెరికాలో మొదలైన ఈ-బర్డ్ అను పట్టికలో లోకమందలి పక్షిప్రియులు తాము చూచినదానిని వ్రాసి యుంచుచున్నారు. మన దేశమున సుమారు ముప్పదివేలమంది వ్రాసిన మూడుకోట్ల గుర్తులను ఆధారము చేసికొని, 2023లో భారతదేశపు పక్షుల స్థితిని తెలుపు నివేదిక యొకటి వెలువడెను. అందు 942 జాతులు విచారింపబడినవి. ఆ ముప్పదివేలమందిలో ఉద్యోగులు, రైతులు, గృహిణులు, విద్యార్థులు గలరు.

ఇట్టి గుర్తులవలన కలుగు లాభమునకు ఊరపిచ్చుక మంచి దృష్టాంతము. పిచ్చుకలు దేశమంతట నశించిపోవుచున్నవని పలువురు తలచిరి. 2020లో వెలువడిన మొదటి నివేదికలో, పెద్ద నగరములలో అవి తగ్గినను, దేశము మొత్తముమీద ఇరువదియైదేండ్లుగా వాటి స్థితి దాదాపు నిలుకడగానే యున్నదని తేలినది. ఇది తెలియుటకు అపూర్వమైన పక్షిని చూచినవారు కారణము కారు. తమ వాకిటి పిచ్చుకలను లెక్కపెట్టి, ఓపికతో వ్రాసినవారే కారణము. కావున సామాన్యమైన పక్షిని వ్రాయుటకు సిగ్గుపడరాదు. అపూర్వమైన పక్షిని మాత్రమే వ్రాసి, కాకిని, గోరువంకను విడుచువాడు సగము సాక్ష్యము చెప్పినవాడు.

2. అబద్ధపు సాక్ష్యము చేసిన కీడు

మధ్యభారతమున ఒక చిన్న గుడ్లగూబ గలదు. ఆంగ్లమున దానిని ఫారెస్ట్ ఔలెట్ అందురు. మన ఊళ్ళలోని పైడికంటెకు ఇది చుట్టము. 1873లో దీనికి శాస్త్రజ్ఞులు పేరు పెట్టిరి. 1884 తరువాత ఇది మరల కనబడలేదు. ఇది ఉన్నదా, నశించినదా యని తెలియక, పక్షిశాస్త్రజ్ఞులు ఎన్నియో యేండ్లు వెదకిరి.

వెదకువారు పాత గుర్తులను చూచిరి. అందొకటి మైనర్‌ట్స్‌హాగెన్ అను ఆంగ్ల సైనికోద్యోగిది. ఈ పక్షిని తాను 1914లో గుజరాతు దేశమందలి మాండ్వి యను చోట పట్టితినని అతడు వ్రాసియుంచెను. అతడు పేరుపొందినవాడు, పుస్తకములు వ్రాసినవాడు. అట్టివాని మాటను శంకించుట యెట్లు? కావున వెదకుటకు బయలుదేరినవారికి ఆ గుర్తు దారి తప్పించు దీపమయ్యెను.

కడపట నిజము బయటపడెను. అమెరికా దేశపు పరిశోధకురాలు పమేలా రాస్ముసెన్‌గారును, ఆమె తోడివారును అతని పక్షి చర్మములను సూక్ష్మముగా పరీక్షించిరి. అతడు చూపిన చర్మము 1914 నాటిది కాదు. పూర్వమెప్పుడో వేఱొకరు సేకరించినదానిని ప్రదర్శనశాలనుండి అపహరించి, తన పేరున, తప్పు తేదీతో, తప్పు స్థలముతో క్రొత్త చీటి కట్టెను. ఇట్టివి మఱి యెన్నియో అతని సేకరణలో బయటపడినవి. రాస్ముసెన్‌గారు ఆ అబద్ధపు గుర్తును త్రోసివేసి, నిజాయితీపరులు వ్రాసిన పాత స్థలములనే నమ్మి వెదకిరి. 1997 నవంబరులో మహారాష్ట్రమందలి షాహాదా సమీపమున ఆ పక్షి సజీవముగా కనబడెను. అనగా 113 సంవత్సరముల తరువాత!

విద్యార్థులారా, దీనిని మీరు బాగుగా ఆలోచింపుడు. కీర్తికొఱకు ఒకడు వ్రాసిన చిన్న చీటి, అతడు గతించిన తరువాత సైతము, నిజముగా వెదకువారిని తప్పుదారిని పట్టించినది. పేరు లేని మఱియొకడు నిజాయితీగా వ్రాసిన చీటి, నూఱేండ్లు దాటినను, దారి చూపినది. మీ పుస్తకములో మీరు వ్రాయు వాక్యము ఈ రెంటిలో ఏదియో యొకటి కాగలదు.

ఛాయాచిత్రములకును ఇదే ధర్మము. ఇతరులు తీసిన చిత్రమును నాదనుట, పంజరములోని పక్షిని అడవిలో చూచితిననుట, నిరుటి చిత్రమునకు నేటి తేది వేయుట, మెఱుగుకొఱకు రంగులు మార్చి ఆ సంగతి చెప్పకుండుట, ఇవన్నియు అబద్ధపు చీటి కట్టుటతో సమానము.

3. వార్తకు కావలసిన అంగములు

పక్షిని గూర్చిన వార్తకు ఆఱు అంగములు కావలెను: తేది, వేళ, స్థలము, సంఖ్య, గుర్తులు, చూచినవారు. ఇందేది లోపించినను వార్త కుంటుపడును.

ఒక బాలుడు ఇట్లు వ్రాసెననుకొందము: “చెరువులో చాల కొంగలు చూచితిని. చాల బాగుగా నున్నవి.” ఇది సంతోషమును తెలుపును గాని వార్త కాదు. ఏ చెరువు? ఎన్నడు? ఎన్ని? ఏ కొంగలు? తెల్లగా కనబడు కొంగలన్నియు ఒకటి కావు. చిన్న తెల్లకొంగకు ముక్కు నలుపు, కాళ్ళు నలుపు, వ్రేళ్ళు మాత్రము పసుపు. పశువుల వెంట తిరుగు కొంగకు ముక్కు పసుపు. గ్రుడ్లు పెట్టు కాలమున తలయు మెడయు నారింజ వన్నెకు తిరుగును. ఈ తేడాలను చూచినవాడే రెండింటిని వేఱుచేయగలడు.

ఆ బాలుడే ఇట్లు వ్రాసినచో నెంత మేలు:

“జనవరి 18వ తేది, ఆదివారము. ఉదయము 6-40 మొదలు 7-30 వఱకు. ఊరి పెద్దచెరువు, తూర్పుగట్టు. మంచు కొంచెము గలదు. చిన్న తెల్లకొంగలు 12. ముక్కు నలుపు, ఎగిరినప్పుడు పసుపు వ్రేళ్ళు కనబడినవి. పశువుల వెంట కొంగలు సుమారు 40, ముక్కు పసుపు. లకుముకి పిట్టలు 2. గోరువంకలు 9. కాకులు 15. డేగవంటి పక్షి 1. మిక్కిలి ఎత్తున ఎగిరినందున జాతి తెలియలేదు. చూచినవారము ఇద్దరము.”

ఈ వార్తలో మూడు సుగుణములు గలవు. మొదటిది, ఎంతసేపు చూచిరో వ్రాసిరి. ఏబది నిమిషములలో పండ్రెండు కొంగలు కనబడుట వేఱు, రోజంతయు తిరిగి పండ్రెండు చూచుట వేఱు. రెండవది, లెక్క తెలిసినచోట అంకెయు, తెలియనిచోట “సుమారు” అను మాటయు వాడిరి. పెద్ద గుంపును లెక్కించునప్పుడు మొదట పది పక్షులు ఎంత చోటును ఆక్రమించునో కంటితో కొలిచి, ఆ కొలతతో గుంపునంతటిని పదులుగా లెక్కింపవలెను. గుంపు చూడగానే “వేలకొలది” అని వ్రాయరాదు. మూడవది, తెలియనిదానిని తెలియదని వ్రాసిరి.

ఈ మూడవ గుణము మిక్కిలి విలువైనది. పరీక్షలో జవాబు తెలియనిచో మార్కులు పోవును. కావున విద్యార్థులకు ఏదో యొకటి వ్రాయు నలవాటు పడును. పక్షుల పుస్తకములో ఆ యలవాటు పనికిరాదు. “జాతి తెలియలేదు” అను వాక్యమునకు ఇచ్చట పూర్తి మార్కులు. పెద్ద పండితులును తమ పుస్తకములలో ఈ వాక్యమును అనేక పర్యాయములు వ్రాసికొందురు. ముందు రూపమును, వన్నెను, ముక్కును, కాళ్ళను, కూతను వ్రాసికొని, తరువాతనే పుస్తకము తెఱువవలెను. ముందే పుస్తకము చూచినవాని కన్ను, బొమ్మలోనున్న వన్నెలను పక్షికి తగిలించును.

4. గూటిని గూర్చి మౌనము

ఇంతవఱకు పూర్తిగా చెప్పుమంటిమి. ఇక చెప్పకూడనిదానిని గూర్చి వ్రాసెదము. గూడు, గ్రుడ్లు, పిల్లలు కనబడినప్పుడు ఆ చోటును బహిరంగముగా చెప్పరాదు. ఇది పక్షిప్రియులందఱికి మొదటి కట్టుబాటు.

తీతువు పిట్ట నెఱుగనివారు మనలో లేరు. రాత్రివేళ అది కూసినచో కీడని పెద్దలలో కొందఱు వెఱతురు. అపాయము తోచినప్పుడు అది అట్లు కూయును తప్ప, ఆ కూతలో కీడేమియు లేదు. అది చెట్టుమీద గూడు కట్టదు. బీడుపొలములో, చెరువు ఒడ్డున, గులకరాళ్ళ నడుమ నేలమీదనే సామాన్యముగా నాలుగు గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు రాళ్ళ వన్నెను పోలియుండుటచే అడుగు దూరమున నున్నను కనబడవు. వేసవి యెండలో తల్లిదండ్రులు వంతులవారీగా నీడ పట్టును. పొట్ట యీకలను నీటిలో తడిపికొని వచ్చి గ్రుడ్లను చల్లార్చును. ఇట్లు సుమారు నాలుగు వారములు కాపాడినగాని పిల్లలు వెలువడవు.

మనుష్యుడు దగ్గఱకు వచ్చినచో ఆ పక్షులు లేచి, అఱచుచు చుట్టు తిరుగును. చూచువాడు “ఎంత అందముగా నాట్యమాడుచున్నవి!” అనుకొనును. నిజమునకు అవి “పొమ్ము, పొమ్ము” అని మొఱపెట్టుచున్నవి. వాడు నిలిచినంతసేపు గ్రుడ్లు ఎండలో కాలుచుండును.

మేమెఱిగిన యొక గ్రామమున ఒక బాలుడు బీడులో ఇట్టి గ్రుడ్లను చూచి, సంతోషము పట్టలేక పదిమందికి చెప్పెను. వారు మఱి పదిమందికి చెప్పిరి. మూడు దినములు పిల్లలు, పెద్దలు గుంపులుగా వచ్చి వంగి చూచిరి. ఒకరిద్దఱు చిత్రములును తీసిరి. ఎవ్వరును గ్రుడ్డును ముట్టలేదు. ఎవ్వరికిని చెడ్డతలంపు లేదు. అయితే సమీపమున తుమ్మచెట్టుపై కాకులు కూర్చుండి, జనులు ఎచ్చట వంగుచున్నారో చూచుచుండెను. నాలుగవనాడు అచ్చట పెంకులు మాత్రమే మిగిలినవి. ఆ జంట రెండు దినములు ఆ బీడు చుట్టు అఱచుచు తిరిగెను. కీడు చేయవలెనను తలంపు లేకుండ కూడ కీడు చేయవచ్చునని చెప్పుటకే దీనిని వ్రాసితిమి.

1972లో ఏర్పడిన వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము గ్రుడ్లను తీయుట మాత్రమే గాక, గ్రుడ్లను గూండ్లను కలతపెట్టుటయు వేటగానే యెంచబడును. చట్టము లేకున్నను దయ గలవాడు ఆ పని చేయడు. గూడు కనబడినచో దూరమునుండి ఒక నిమిషము చూచి, వచ్చిన దారినే మరలవలెను. పుస్తకములో తమకొఱకు వ్రాసికొనవచ్చును. పిల్లలు ఎగిరిపోయిన తరువాత నలుగురికి చెప్పవచ్చును. వార్త కొన్ని వారములు ఆలస్యమైనంతమాత్రమున చెడదు. గ్రుడ్డు ఒక గంట ఆలస్యమైనచో చెడును.

ఈ సందర్భమున మఱి మూడు నిషేధములను చెప్పవలెను. ఫోనులో పక్షి కూతను మ్రోగించి పక్షిని పిలువరాదు. తన చోటికి శత్రువు వచ్చెనని యెంచి, మేతను గూటిని విడిచి అది పరుగెత్తి వచ్చును. రాత్రివేళ పక్షి కన్నులలో వెలుగు కొట్టరాదు. చిత్రముకొఱకు కొమ్మలను విఱిచి గూటికి చాటు తీయరాదు. ఆ చాటే యెండనుండియు గ్రద్దనుండియు పిల్లలను కాపాడునది.

దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని మనవారి యాచారము. జనులు ఆ పక్షిని వెదకికొని పొలములకు పోవుట సొగసైన పనియే. కొందఱు దానిని పట్టి, పంజరమున బంధించి, ఊరూర చూపి రూకలు గొనుట మాత్రము ఆచారమునకే మచ్చ. పక్షి యున్నచోటికి మనము పోవలెను గాని, మనమున్నచోటికి పక్షిని ఈడ్చుకొని రారాదు.

5. కలివికోడి చెప్పు పాఠము

అపూర్వమైన పక్షి కనబడినప్పుడు ఏమి చేయవలెను? ఎవరికి చెప్పవలెను? ఎవరికి చెప్పరాదు? ఈ ప్రశ్నలకు మన కడప మండలపు కలివికోడి చరిత్రలో జవాబు గలదు.

కలివిపొదల నడుమ తిరుగునది గనుక దానికి ఆ పేరు వచ్చెను. రొమ్ముపై రెండు పట్టీలు, పొడవైన కాళ్ళు గలిగి, రాత్రివేళ మేతకై నేలపై పరుగెత్తు పక్షి యిది. జెర్డన్ దొర దీనిని మొదట లోకమునకు తెలిపెను. 1848లో దీనికి శాస్త్రీయనామ మీయబడెను. 1900 తరువాత ఎనుబదియైదేండ్లు ఎవ్వరికిని కనబడనందున నశించినదని పలువురు తలచిరి.

బొంబాయి సంఘమువారు ఆశ విడువక, ఆ ప్రాంతపు పల్లెలలో పక్షి బొమ్మలను చూపుచు విచారించిరి. 1986 జనవరిలో ఐతన్న అను స్థానికుడైన వేటగాడు రాత్రివేళ రెడ్డిపల్లి సమీపమున దీనిని పట్టి తెచ్చెను. పరిశోధకుడైన భరత్ భూషణ్‌గారు అది కలివికోడియే యని గుర్తించిరి. అప్పటికి ఎనుబదితొమ్మిదేండ్ల వృద్ధుడైన సలీం అలీగారు స్వయముగా కడపకు వచ్చిరి. పట్టబడిన పక్షి బ్రదుకలేదు, ఇది దుఃఖకరమే. అయినను ఆ జాతి భూమిమీద నున్నదని తెలిసెను. తరువాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడెను. 1988లో కలివికోడి బొమ్మతో తపాలాబిళ్ళ వెలువడెను.

ఈ కథలో మొదటి పాఠము కృతజ్ఞత. లోకము వెదకుచున్న పక్షి జాడను తెలిపినది పల్లెటూరి వేటగాడు. అతని పేరు మఱువబడక పుస్తకములలో నిలిచినది. మీకును ఎవరైన కాపరి గాని, జాలరి గాని, చెల్లెలు గాని పక్షిని చూపినచో, “చూపినవారు వీరు” అని తప్పక వ్రాయవలెను. ఇతరుల కన్నులతో చూచి తన పేరు వ్రాసికొనుట చౌర్యము.

రెండవ పాఠము, తగినవారికి పూర్తిగా చెప్పవలెననుట. పరిశోధకులు ఆ అడవిలో మెత్తని మట్టిని జల్లించి పఱచి, ఉదయమున అందు అడుగుజాడలను వెదకిరి. తమకుతామే చిత్రము తీయు యంత్రములను పొదలచెంత నమర్చిరి. కనబడినదానిని తేదీతో, స్థలముతో వ్రాసియుంచిరి. 2005 ప్రాంతమున తెలుగుగంగ కాలువ పని ఆ పక్షి తిరుగు పొదల మీదుగా సాగుచుండగా, ఈ వ్రాతలే అధికారుల యెదుట సాక్ష్యమై నిలిచినవి. కాలువ దారి మార్పబడెను. వ్రాయనివారి మాట అచ్చట చెల్లియుండునా?

మూడవ పాఠము, అందఱికిని అన్నియు చెప్పరాదనుట. ఇట్టి పక్షి ఏ పొదచెంత నున్నదో బహిరంగముగా చెప్పినచో, చూడవచ్చువారు, చిత్రములు తీయవచ్చువారు, పట్టవచ్చువారు ఒకే దారిని వత్తురు. కావున సరియైన స్థలమును అటవీశాఖవారికిని, నమ్మదగిన పరిశోధకులకును తెలిపి, లోకమునకు “కడప ప్రాంతమున” అని మాత్రమే చెప్పుట మర్యాద. ఈ-బర్డ్ పట్టికను నడుపువారును, ఆపదలోనున్న కొన్ని జాతుల విషయమున స్థలమును మఱుగుపఱచి యుంచుచున్నారు. ఇది అబద్ధము కాదు. అబద్ధమనగా లేనిదానిని ఉన్నదనుట. ఇది ఉన్నదానిని కాపాడుటకై తలుపు దగ్గఱగా వేయుట. వేఱొక చోటి పేరు చెప్పి జనులను దారి తప్పించినచో మాత్రము అది అబద్ధమగును. “చెప్పజాలను” అనుట వేఱు, తప్పు చెప్పుట వేఱు.

ఛాయాచిత్రములోనే స్థలము తెలియు గుర్తులు గుప్తముగా నుండవచ్చును. ఇట్టి పక్షుల చిత్రములను పంపునప్పుడు పెద్దల సాయమున ఆ గుర్తులను తొలగించి పంపవలెను.

6. అభిప్రాయభేదము కలిగినప్పుడు

ఒకరు గ్రద్ద యన్నదానిని మఱియొకరు డేగ యందురు. ఇట్టిచో కలహింపరాదు; ప్రశ్నింపవలెను. పెద్దవారు పొరపడినట్లు తోచినప్పుడు బాలుడు ఇట్లు అడుగవచ్చును:

“మాస్టరుగారూ, తాము చూచిన పక్షి తోక చీలియున్నదా, గుండ్రముగా నున్నదా? నాకు చీలినట్లు కనబడెను. దయచేసి చెప్పుదురా?”

పెద్దవారును ఇట్లు బదులు చెప్పుట తగును: “నాయనా, నేను తోకను చూడలేదు. నీవు చూచితివి గనుక నీ మాటను పుస్తకములో వ్రాయుము.”

ఇందు ఎవరి గౌరవమునకును లోపము లేదు. మొదటిసారి వ్రాసినవాడు పొరపడినచో నవ్వరాదు. నవ్వబడిన బాలుడు మరల వ్రాయడు. అతడు రేపు చూడబోవు పక్షి మనకు తెలియకపోవును. తన పొరపాటును ఇతరులు చూపినప్పుడు, పాత మాటను కొట్టివేసి, ప్రక్కను సరియైనదానిని తేదీతో వ్రాయవలెను. కాగితమును చింపివేయరాదు. దిద్దిన వ్రాత నమ్మదగిన వ్రాత.

7. ఊరివారియెడ మర్యాద

పక్షులు మన పాఠశాలకు చెందినవి కావు. చెరువు జాలరులకు జీవనాధారము, పొలము రైతుది. గట్టు దాటునప్పుడు “అయ్యా, మీ పొలమున పిట్టలను చూడవచ్చునా?” అని అడిగి పోవలెను. నాటిన మడిలో కాలు పెట్టరాదు. శ్రీకాకుళము మండలమందలి తేలినీలాపురమునకు ఏటేట గూడబాతులును ఎఱ్ఱకాళ్ళ కొంగలును వచ్చి, ఊరి చెట్లమీదనే పిల్లలను పెంచును. ఆ ఊరివారు వానిని అతిథులుగా నెంచి కాపాడుచున్నారు. అట్టిచోట చూడబోవువారు అతిథుల యింట అతిథులు. గట్టిగా అఱచుట, చప్పట్లు కొట్టి పక్షులను లేపుట, తినుబండారముల కాగితములను పాఱవైచుట మన ఊరికే అపకీర్తి.

8. ముగింపు

పైన చెప్పినదానిని క్లుప్తముగా గ్రహింపుడు. చూచినదే చెప్పుడు. తేది, వేళ, స్థలము, సంఖ్య, గుర్తులు, చూచినవారు అను ఆఱింటిని వ్రాయుడు. తెలియనిదానిని తెలియదనుడు. కాకిని, పిచ్చుకను విడువకుడు. గూటిని గూర్చి మౌనము వహింపుడు. అపూర్వపక్షి స్థలమును తగినవారికే తెలుపుడు. చూపినవారి పేరు చెప్పుడు. వాదమున ప్రశ్న వేయుడు, నిందింపకుడు.

ఈ నియమములు పక్షులకు మాత్రమే చెల్లునవి కావు. తోడివానిని గూర్చి మాటలాడునపుడును ఇవియే మనకు కావలెను. పక్షి మన తప్పుమాటను ఖండింపలేదు. తన చోటు బయటపెట్టితివేల యని అడుగలేదు. అడుగలేనివారి విషయమున నిజమును దయను పాటించుటయే మర్యాదకు గీటురాయి.

అభ్యాసములు

1. ఒక వారము దినములు ప్రతిదినము ఒకే చోట, ఒకే వేళ, పదునైదు నిమిషములు నిలిచి, కనబడిన పక్షులన్నింటిని సంఖ్యతో వ్రాయుము. ఏ దినమున ఏది కనబడలేదో అదియు గుర్తింపుము.

2. చిన్న తెల్లకొంగకును, పశువుల వెంట తిరుగు కొంగకును గల భేదములను స్వయముగా చూచి వ్రాయుము. చూడనిదానిని వ్రాయకుము.

3. మీ యింటి పెద్దలను అడిగి, వారి బాల్యమున మీ ఊర నుండి యిప్పుడు కనబడని పక్షుల పేరులను, చెప్పినవారి పేరుతో సహా వ్రాయుము.

4. “స్థలమును చెప్పకుండుట అబద్ధము కాదు.” దీనిని కలివికోడి కథ ఆధారముగా చర్చింపుము.

5. నీ మిత్రుడు తీతువు గ్రుడ్లను చూపెదను రమ్మని పిలిచినచో, అతని మనస్సు నొవ్వకుండ ఏమని బదులు చెప్పుదువు? నాలుగు వాక్యములలో వ్రాయుము.